కొండ దూరం జరిగిన రోజులు

రేపు మీ ఊళ్ళో వాన పడుతుందో లేదో మీకెలా తెలుసు? మీరు చూసి తెలుసుకున్నారా, ఎవరో చెబితే తలాడించారా? అడుగుతున్నది మీ పక్కింటివాళ్ళను కాదు, మిమ్మల్నే.

పోయిన ఆదివారం చింతామణిలో మా ఇంటికి తమ్ముడి కూతురు వచ్చింది. పిల్లలకు సెలవులు అయిపోవస్తున్నాయి, ఒక రోజు నంది కొండమీద తిరిగి వద్దామని మొగుడూ పిల్లలతో బయలుదేరింది. కాఫీ తాగుతూ ఫోను తీసి చదివి వినిపించింది: పొడి వాతావరణం, హాయిగా ఉంటుంది, వరద భయం తక్కువ. "ఎట్లా తెలుసమ్మా?" అన్నాను. "ఫోన్‌లో ఉండాది పెదనాయనా" అంది. "సరే, ఫోనుకు ఎట్లా తెలుసు?" అన్నాను. ఆ పిల్ల నావైపు చూసి, మొగుడివైపు చూసి, ఆ తర్వాత నా మందుల డబ్బావైపు చూసింది. ఎనభై దాటినవాడు ఏమడిగినా జబ్బు కిందే లెక్క. అరవై ఏళ్ళుగా ఊరూరా తిరిగి నేను అడిగినది ఆ ఒక్క ప్రశ్నే. జాతకం చెప్పినవాణ్ణి అడిగాను, తాయెత్తు కట్టినవాణ్ణి అడిగాను, పుట్టుకతో ఎక్కువ తక్కువలు ఉంటాయన్నవాణ్ణి గొంతు పట్టుకున్నంత పని చేసి అడిగాను. ఎట్లా తెలుసు? ఆ ప్రశ్న నాకు పుస్తకాలు నేర్పాయని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఒక ఎండాకాలం చివర, చెరువు కట్టమీద, అక్షరం ముక్క రాని ఒక ముసలమ్మ ముందు కూర్చుని ఆ ప్రశ్నకు నేనే నీళ్ళు నమిలాను. నేర్చుకున్నది అక్కడ.

యాభైల చివరి మాట. బాగేపల్లి తాలూకాలో, గూళూరుకు రెండు మైళ్ళ అవతల, మా మేనమామ ఊళ్ళో బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఆ వైపు పంతుల్ని మేష్ట్రు అంటారు. ఆదరంగా పిలవాలనుకుంటే మేష్ట్రప్పా అంటారు. నాకు ఇరవై నాలుగేళ్ళు. బెంగళూరులో చదువుకుంటూ వాదసభల్లో గొంతు చించుకుని, లోకాన్ని సంస్కరించడం గురించి నాకు తెలియనిది ఇక మిగల్లేదన్న ధీమాతో ఆ ఊళ్ళో దిగాను. మామ గుడి అర్చకుడు; ఊరికి పంచాంగం చెప్పేదీ ఆయనే. ఆయన ఇంట్లో తింటూ ఆయన పంచాంగాన్నే దుమ్మెత్తిపోసేవాణ్ణి. ఆయన కూడా తక్కువవాడు కాదు. విస్తరి ముందు కూర్చున్నప్పుడే కావాలని ఏదో ఒక తిథి మాట ఎత్తేవాడు. వాదం ముదిరితే అత్త చారు గిన్నె మా ఇద్దరి మధ్యా ఠక్కున దించేది. దాంతో ఆ పూటకు సభ ముగిసేది.

ఎండాకాలం చివరి రోజులంటే కింది సీమలవాళ్ళకు వడగాలి గుర్తొస్తుంది. మాది ఎత్తు సీమ. నంది కొండల వరుస నుంచి గుడిబండ మీదుగా మా ఊరి పడమటి దాకా రాతిగుట్టలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడి ఉంటాయి. మధ్యాహ్నం ఒక రెండు గంటలు ఎండ నెత్తి మాడుస్తుంది, కాదనను. నాలుగింటికి ఆ గుట్టల సందుల్లోంచి గాలి లేస్తుంది. కానుగ పూలు రాలి బండిదారంతా పేలాలు చల్లినట్టు ఉంటుంది. ఇళ్ళల్లో గడ్డి మీద మగ్గుతున్న మామిడికాయల వాసన వీధి చివరిదాకా వస్తుంది. చెమట పట్టని ఎండ అది. పంచె ఉతికి ఆరేసి వెనక్కి తిరిగేలోపల ఆరిపోతుంది. సాయంత్రం కట్టమీద నిలబడి ఆ కొండలవైపు చూస్తే, వాగుడుకాయనని పేరు పడ్డ నాకు నోరు మూతపడేది. దానికి భక్తి అని పేరు పెట్టాలని మామ శతవిధాల ప్రయత్నించాడు. నేను ఒప్పుకోలేదు. నోరు మూతపడిన మాట మాత్రం నిజం.

ఆ కొండ నీళ్ళే మా చెరువుకు దిక్కు. కొండమీద వాన పడితే నీళ్ళు వంకగా దిగి చెరువులో చేరతాయి. చెరువులోంచి తూము ద్వారా మడులకు పారతాయి. తూము తియ్యడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీళ్ళు అన్నది చూడడం నీరుగంటి పని. తరతరాలుగా ఒకే ఇంటి పని అది. అప్పటి నీరుగంటి చనిపోయి, మగపిల్లలు లేక, ఆ పని ఆయన పెళ్ళాం చేతికి వచ్చింది. ఊరంతా ఆమెను నీరుగంటి అవ్వ అనేది. కట్ట కింద పల్లంలో, అంటరానివాళ్ళని చెప్పి ఊరు దూరం పెట్టిన గుడిసెల్లో ఆమె కాపురం. ఆమె వదిలిన నీళ్ళతో పండిన బియ్యం గుడిలో నైవేద్యమయ్యేది. ఆమె మాత్రం గుడి మంటపం మెట్టెక్కకూడదు.

ఆ ఏడు తూము చెడింది. కట్ట అడుగున రాతి కాలువ పగిలి, పక్కనుంచి నీళ్ళు మట్టిని కోస్తూ వచ్చాయి. అలాగే వదిలేస్తే వానలకు చెరువు నిండగానే కట్ట తెగుతుంది. బాగు చెయ్యడానికి ఒకటే దారి: తూము ఉన్నచోట కట్టను అడుగుదాకా నిలువునా కోసి, రాళ్ళు కొత్తగా పరిచి, మళ్ళీ బంకమట్టి పోసి దిమ్మిస కొట్టి మూసెయ్యడం. పదిహేను రోజుల పని. చెరువు అడుగంటిన ఎండాకాలం చివరే అందుకు వీలు. అయితే ఆ పదిహేను రోజుల్లో కొండమీద ఒక్క పెద్ద వాన పడినా వంక నీళ్ళు ఆ కోతలోంచి దూకి నేరుగా పల్లంలో గుడిసెల మీద పడతాయి. ఒక గుడిసెలో నీరుగంటి అవ్వ కూతురూ మనవరాళ్ళూ ఉన్నారు. చుట్టూ ఇంకో ఇరవై గుడిసెలు ఉన్నాయి. ఎప్పుడు తవ్వాలన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

మంటపంలో సభ పెట్టారు. మధ్యలో ఊరి పటేలు, చుట్టూ రైతులు, స్తంభానికి ఆనుకుని పంచాంగంతో మామ, ఆయనకు ఎదురుగా వార్తాపత్రికతో నేను. నీరుగంటి అవ్వ మెట్ల కింద నిలబడింది. మామ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, అమావాస్య దాటిన పదకొండో రోజుకు గానీ భూమి తవ్వే ముహూర్తం లేదన్నాడు. నేను లేచాను. అప్పటికి వానాకాలం నెత్తిమీదికి వస్తుంది, మునిగిపోయేవాళ్ళకు ముహూర్తం ఈత నేర్పుతుందా అని అడిగాను. పత్రిక విప్పి, వాన ఇంకా మలబారు తీరమే తాకలేదని, మన దాకా రావడానికి రెండు వారాలకు పైనే పడుతుందని చదివాను. ఆకాశం చూడండి, మచ్చ లేదు. కొండ చూడండి, బండ బండా లెక్కపెట్టవచ్చు. ఇంతకంటే మంచి అదను దొరకదు, రేపే తవ్వండి అన్నాను. అప్పుడు కింది నుంచి అవ్వ, నాలుగు దినాలు తాళమంది. ఎందుకని పటేలు అడిగితే, కొండ దగ్గరికి వచ్చిందని, ఉప్పు సరిగా లేదని చెప్పింది. జనం నవ్వారు. ఆమె దినామూ పొద్దున్నే తూము రాతిమీద ఒక కొబ్బరిచిప్పలో కల్లుప్పు పెట్టి, వేలితో తాకి, నాలుకకు రాసుకుని, కొండవైపు తిరిగి కాసేపు నిలబడేది. గంగమ్మకు ఏదో మొక్కు కాబోలని మేమందరం అనుకునేవాళ్ళం. "మామది పంచాంగం, అవ్వది ఉప్పు, ఏది తిన్నా దాహం తీరదు" అన్నాను. మంటపం ఘొల్లుమంది. మామ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మర్నాడే తవ్వకమని తేలిపోయింది. అంత సులువుగా గెలిచిన వాదం నా జన్మలో మరొకటి లేదు.

మర్నాడు పొద్దున, చింతామణి వైపు నుంచి ముందే పిలిపించి ఉంచిన మట్టిపనివాళ్ళు గడ్డపారలు మోసుకుని కట్ట ఎక్కేసరికి, సున్నంతో గీసిన గుర్తు మధ్యలో అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన కొబ్బరిచిప్ప.

"ఏమ్మే, లెయ్యి. పని కావల్ల" అన్నాడు పటేలు.

"ముందర నన్ను తవ్వండి పటేలప్పా. ఆమైన కట్ట తవ్వుదురు."

"పిచ్చి గానీ పట్టిండాదా నీకు?"

"నా మనమరాండ్లు ఆ కింద పండుకుంటాండారు. పిచ్చి పట్టకుండా ఎట్లుంటాది?"

గొంతు పెంచలేదు. మట్టిపనివాళ్ళు ఊరి తగువులో తాము తలదూర్చబోమని పారలు దించేసి బీడీలు ముట్టించారు. ఆమె వాడవాళ్ళు పల్లంలోనే నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కడూ పైకి రాలేదు. ఇక ఊరివాళ్ళే చెయ్యి పట్టుకుని లేపాలి. ఎవరు పట్టుకోవాలి? ముట్టుకుంటే మైల. పటేలు తన మనుషులవైపు చూశాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ రెండడుగులు వెనక్కి వేశాడు. ఏ దురాచారాన్ని కూలదోయాలని నేను బెంగళూరులో గొంతు చించుకున్నానో, అదే దురాచారం ఆ పొద్దు గడ్డపారలను ఆపి నిలబడింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. మామకు మాత్రం వెంటనే ఒక ఉపాయం తోచింది. "అంటూ సొంటూ లేదనేవాడివి నువ్వొక్కడివే గదరా, పోయి లేపు" అన్నాడు నావైపు తిరిగి. ఊరు నవ్వింది, ఈసారి నన్ను చూసి.

వెళ్ళాను. చెయ్యి పట్టి లేపాలని కాదు, వాదించి లేపాలని. నా మాటలకు లేవని మనిషి ఉంటుందని అప్పటికి అనుభవం లేదు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, కొండ అంత స్పష్టంగా కనిపిస్తోందంటే గాలి శుభ్రంగా ఉందని, గాలి శుభ్రంగా ఉంటే వాన లేదని, బడిపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"వాన లేదని నీకెట్లా తెలుసప్పా? మొన్నటిదాకా ఆ కొండ పొగ మాదిరి ఉండె. ఆ దుమ్మంతా యాడికి పోయిందని అడగవేమప్పా?"

పత్రికలో రాశారని నీళ్ళు నమిలాను. దుమ్ము సంగతి అడగాలని నాకు తోచనే లేదు. ఆమె కొబ్బరిచిప్పను నా ముందుకు జరిపింది.

"ముట్టి చూడు మేష్ట్రప్పా. నాలికెకు పెట్టుకో."

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. నా చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే, కానీ ఆగింది. అంటరానితనం మీద గంటలకొద్దీ ఉపన్యాసాలు ఇచ్చిన చెయ్యి, ఆమె చిప్పలో ఉప్పు దగ్గర ఆగింది. ఆమె చూసింది. ఆ తర్వాత తాకాను. ఉప్పు తడిగా, వేలికి అంటుకుంటూ ఉంది. మొన్నటిదాకా గలగలమంటూ ఉండేదట, నిన్నటినుంచి చెమట పట్టిందట. ఉప్పు చెమరిస్తే గాలిలో నీళ్ళున్నట్టు. గాలిలో నీళ్ళు చేరితే దుమ్ము అణిగి కొండ దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది. దానికి తోడు గాలి తూర్పు నుంచి తిరిగింది. మూడూ ఒక తట్టు చేరాయంటే నాలుగు రోజుల్లోపల కొండమీద పడుతుంది. "ఊరిమీద పడకపోవచ్చు. కొండ మీద పడితే చాలు గదా, మేము పోయేదానికి" అంది.

మొక్కు అనుకుని నేను వెటకారం చేసినది ఒక పరికరం. ఏడాదిపాటు దాని పక్కనుంచి రోజూ నడిచివెళ్ళాను. ఇదేమిటని ఒక్కసారీ అడగలేదు. మామ పంచాంగాన్ని ఎలా నమ్మాడో నేను పత్రికను అలాగే నమ్మాను. కొండను తేరిపార చూసిన మనిషి ఆ సభలో ఒక్కరే, ఆ ఒక్కరినీ మెట్ల కింద నిలబెట్టి మేం తీర్మానం చేశాం.

అప్పుడే లేచి, నాది తప్పు, ఆమెది ఒప్పు అని అందరి ముందూ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కొంచెం తాళండి, మాట్లాడుతున్నాను అని పటేలుకు కేక వేశాను. అలా రెండు రోజులు ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె కూతురు తెచ్చిన సంగటి ఆమె తింటుంటే, అత్త పంపిన అన్నం నేను తిన్నాను. నేను ఆమెకు నచ్చజెబుతున్నానని ఊరు అనుకుంది. నిజానికి ఆమె నాకు చీమలు గుడ్లు ఎటు మోస్తున్నాయో, వంకలో బండలకింద తేమ ఎంత పైకి వచ్చిందో, ఏ గాలికి కానుగాకు ఏ వైపు తిరుగుతుందో చూపించింది. ఏది అడిగినా ముందు నన్ను చూడమనేది. ఆ తర్వాతే చెప్పేది.

మూడో రోజు మధ్యాహ్నం మా నెత్తిమీద ఎండ అలాగే ఉంది. ఊళ్ళో చినుకు లేదు. పడమట గుట్టల వెనక మాత్రం ఒక నల్లటి ముద్ద నిలబడి, కదలకుండా, చప్పుడు లేకుండా ఉంది. గంట తర్వాత నేల లోపలినుంచి ఎవరో రోలు దొర్లిస్తున్నట్టు శబ్దం వచ్చింది. అవ్వ లేచి నిలబడింది. ఎండిన వంకలో ఎర్రటి నీళ్ళు, ముందు ఒక నాలుకలా, వెనక గోడలా, కంపచెట్లను పెకలించుకుంటూ, ఎండలో మెరుస్తూ వచ్చాయి. పైన నీలాకాశం, కింద వరద. నేను అంత అందమైనదాన్నీ అంత భయంకరమైనదాన్నీ ఒకేచోట మళ్ళీ చూడలేదు. చూస్తుండగానే చెరువులో నీళ్ళు తూము రాతిగోడమీద కిందినుంచి మూడో రాయి దాకా ఎక్కాయి. కట్ట నిలబడింది. మేం తవ్వి ఉంటే ఆ నీళ్ళు ఎటు పోయేవో కట్టమీద ప్రతివాడికీ కనిపించింది. అందరూ ఒకేసారి పల్లంవైపు తిరిగారు. అక్కడ గుడిసెల ముందు ఆడపిల్లలు అచ్చనకాయలు ఆడుకుంటున్నారు.

ఆ నీళ్ళను అవ్వ నాలుగు రోజుల్లో తూము తీసి చేలకు వదిలేసింది. గాలి మళ్ళీ పడమటి నుంచి తిరిగింది. కొండ రోజురోజుకూ వెనక్కి జరుగుతూ, నీలం పట్టి, పొగలా పలచబడింది. అయిదో రోజు పొద్దున పటేలు తానే మెట్లు దిగివచ్చి, ఇప్పుడు పదిహేను దినాలు వాన రాదా అని ఆమెను అడిగాడు.

"పదహైదు దినాల సంగతి నాకు తెల్దు పటేలప్పా. దినామూ పొద్దున్నే ఆ పొద్దు సంగతి చెప్తా. భయం లేదని చెప్పను, తక్కువని చెప్తా."

వాదసభల్లో ఎంతోమంది పండితుల్ని విన్నాను. తనకు తెలిసినదాని హద్దు ఎక్కడో అంత కచ్చితంగా గీసి చెప్పినవాళ్ళను వినలేదు.

పని మొదలైంది. అవి నా జీవితంలోకెల్లా మంచి రోజులు. పొద్దున్నే చల్లటి గాలిలో అవ్వ ఉప్పు వేలితో నలిపి చూసి "ఈ పొద్దు తవ్వండి" అనేది. అప్పుడు పారలు లేచేవి. కట్టను కోసిన చోట లోపలి మట్టి పొరలు పొరలుగా బయటపడింది; ఎన్ని తరాలవాళ్ళు తట్టలతో మోసి పోసిన మట్టో అది. దాని వాసన చల్లగా, పాత ధాన్యం వాసనలా ఉండేది. ఆడవాళ్ళు వరుసగా నిలబడి తట్టలు అందించుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. బడి సెలవులు కాబట్టి నేనూ తట్ట పట్టాను. రెండో రోజుకే చేతులు బొబ్బలెక్కితే, "పుస్తకం పట్టే చేతికి మట్టి పడదులే మేష్ట్రప్పా" అని వాళ్ళు నన్నూ వదల్లేదు. ఆకాశం రోజు రోజూ అదే నీలం. దూరాన కొండ, ఎవరో ఊది వదిలేసిన పొగలా. ఇంత మెత్తగా కనిపించే కొండే మొన్న ఎర్రగోడను మామీదికి తోలిందంటే నమ్మబుద్ధి కాదు.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె వద్దంది. తట్టలతో కోతకు అడ్డం మట్టి పోయించి, అందర్నీ ఇళ్ళకు పంపింది. ఆ రోజంతా వాన లేదు, మబ్బూ లేదు. మర్నాడు పటేలు మొహం ముడుచుకుని వచ్చాడు. "తప్పు చూసినా. గాలి తిరిగినట్టే తిరిగి మళ్ళుకున్యాది" అంది. అంతే. సాకు లేదు, సంజాయిషీ లేదు. ఆ మాట మామ నోట నేనెప్పుడూ వినలేదు. నా నోట మామ ఎప్పుడూ వినలేదు. వరదను ముందే పసిగట్టిన రోజుకంటే, ఆ పొద్దు ఆమె నాకు ఇంకా ఎత్తుగా కనిపించింది.

కట్ట మూసి, మీద గరికపెళ్ళలు పరుస్తుండగా వానాకాలం వచ్చింది. ఆ ఏడు చెరువు నిండింది, కట్ట చెమ్మగిల్లలేదు. పటేలు కట్టమీద ఒక బండ నిలబెట్టించాడు. దానిమీద మూడు పేర్లు చెక్కించారు: పటేలుది, ఎవరూ పాటించని ముహూర్తం పెట్టినందుకు మామది, మూడోది నాది. అప్పటికే ఊరు కథను మార్చేసుకుంది. తెలివైన మేష్ట్రు అవ్వతో మాటలు పెట్టుకుని రెండు రోజులు పని జరగకుండా చూశాడు కాబట్టే ఊరు బతికిందట. నాది వద్దని అన్నాను. ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాను. అవ్వ వచ్చి బండను తడిమి, ఏమి రాసిండారని అడిగింది. చెరువు బాగుచేసినవాళ్ళ పేర్లని చెప్పాను. "మంచి రాయి. తూముకు పెట్టుంటే ఇంకొంత కాలం వచ్చుండు" అని తన దారిన పోయింది. మరుసటి ఏడు మామ ప్రకటించిన దుక్కి ముహూర్తం సరిగ్గా ఆమె చెప్పిన పొద్దున పడింది. అడిగితే, "నా లెక్కలో కూడా అదే వచ్చింది రా" అన్నాడు, పంచాంగంలోంచి తల ఎత్తకుండా.

ఆ తర్వాత నన్ను వేరే ఊరికి మార్చారు. నాలుగేళ్ళకు మళ్ళీ వెళ్తే ఆమె లేదు. కూతురి కుటుంబం పని వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయింది. ఆమె పేరేమిటని ఊళ్ళో అడిగాను. "నీరుగంటి అవ్వే గదప్పా, పేరేంటికి?" అన్నారు. రెండు రోజులు పక్కన కూర్చుని గాలి గురించి, చీమల గురించి, ఉప్పు గురించి వంద ప్రశ్నలు అడిగినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

బండమీద నా పేరును అరగదీయడానికి కాలం ఇంకా ఎన్నో ఎండాకాలాలు కష్టపడాలి; చెక్కని ఆమె పేరును తుడిచెయ్యడానికి దానికి నాలుగేళ్ళు చాలాయి. మీ ఊరి నీళ్ళను కనిపెట్టుకుని ఉన్న మనిషి ఇంకా బతికే ఉండవచ్చు. ఇవాళే వెళ్ళండి. నిలబెట్టి మాట్లాడకండి, పక్కన కూర్చోండి. ఎట్లా తెలుసని అడగండి, చెప్పినదాన్ని మీ కళ్ళతో పరీక్షించండి. అంతకంటే ముందు పేరు అడగండి, అడిగి రాసిపెట్టండి.